భాగస్వాములే పాలకులైన ప్రసారవ్యవస్థ: పీఠిక

సమష్టి సంపదను సమష్టిగా ఏలుకోవడం ఎట్లా అన్నది అర్థశాస్త్రానికి పుట్టుకతోనే సంక్రమించిన ప్రశ్న. చెరువులు, అడవులు, పచ్చికబయళ్లు, పరస్పర సహాయనిధులు, ఉత్పత్తిదారుల సంఘాలు అంటూ ప్రతి యుగమూ తన కాలానికి దక్కిన సంపదను ముందుంచుకుని ఆ ప్రశ్నను మళ్లీ వేసుకుంది; తన బుద్ధికీ నీతికీ తగిన సమాధానాన్ని నిర్మించుకుంది. మన కాలానికి ఆ ప్రశ్న దృశ్యప్రసార రూపంలో ఎదురైంది. కోట్లాది ప్రజల మాట, పాట, పాఠం, నిరసన నేడు వీడియోగానే లోకంలోకి వెళుతున్నాయి. వాటిని మోసుకుపోయే యంత్రసామగ్రి మాత్రం వేళ్లమీద లెక్కింపదగిన సంస్థల స్వాధీనంలో ఉంది. ఆ సామగ్రికి వినియోగదారులమై మిగలడమా, లేక నిర్ణయాధికారంలో పాలుపంచుకునే భాగస్వాములం కావడమా అన్న విచికిత్స నుంచి పుట్టిన ప్రయోగాలను తెలుగువారికి సాంగోపాంగంగా పరిచయం చేసే ఈ గ్రంథానికి పీఠిక వ్రాయవలసిందని కోరినప్పుడు, అది నాకు గౌరవంగానూ బాధ్యతగానూ తోచింది.

గ్రంథకర్త్రి నాకు శిష్యప్రాయురాలు. సహకారోద్యమ చరిత్రతో అధ్యయనం ప్రారంభించి, సంఘాల నియమావళులను, వార్షిక లెక్కలను, సర్వసభ్య సమావేశాల తీర్మానాలను ఓపికతో చదవడం అలవరచుకున్న తరువాతనే ఆమె ఈ నూతన క్షేత్రంలో అడుగుపెట్టింది. ఆ క్రమశిక్షణ ఈ పుస్తకంలో పుటపుటనా కానవస్తుంది. ఈ క్షేత్రంలో తరచు ఎదురయ్యే బ్లాక్‌చెయిన్, అనగా కేంద్రాధికారి లేని ఉమ్మడి లెక్కల పుస్తకం, అన్న మాట వినబడగానే అత్యాశతోనో అసహ్యంతోనో కలం పట్టేవారు మనకు కొదువలేదు. ఈమె ఆ రెంటికీ దూరంగా నిలిచి, నియమమేమిటి, దానిని ఎవరు చేశారు, దానివల్ల ఎవరికి లాభం, ఎవరికి భారం అన్న నాలుగు ప్రశ్నలనే ప్రమాణంగా స్వీకరించింది. పరిశోధనకు ఇంతకు మించిన సౌష్ఠవం మరొకటి లేదు.

గ్రంథంలో ప్రధానంగా పరిశీలితమైన వ్యవస్థ లైవ్‌పీర్. డగ్ పెట్కానిక్స్, ఎరిక్ టాంగ్ అనే ఇద్దరు వ్యవస్థాపకులు 2017లో రూపకల్పన చేయగా, 2018 మే మాసంలో ఇథీరియం అనే బ్లాక్‌చెయిన్ వేదికపై కార్యరూపం ధరించిన జాలం ఇది. దీని పనిని గ్రహించాలంటే, వీడియో ప్రసారంలో ప్రేక్షకుడి కంటికి కానరాని ఒక శ్రమను ముందు గ్రహించాలి. ఒక సభలో కెమెరా పట్టిన దృశ్యం ఉన్నదున్నట్లు అందరి తెరలకూ చేరదు. ఒకరిది విశాలమైన టీవీ, మరొకరిది సిగ్నల్ సన్నగిల్లిన చోట చేతిలోని ఫోను. ఒకే చెరువు నీరు మెరకకూ పల్లానికీ వేర్వేరు తూముల గుండా తగుమాత్రంగా పారినట్లు, ఒకే దృశ్యం అనేక పరిమాణాల్లోకి, అనేక వేగాల్లోకి అప్పటికప్పుడు మారవలసి ఉంటుంది. ట్రాన్స్‌కోడింగ్ అనే ఈ ప్రక్రియకు గణనశక్తి విస్తారంగా కావాలి. అందుకే అది ఖర్చుతో కూడిన పని. గ్రాఫిక్స్ కార్డులలో వీడియో ఎన్‌కోడింగ్ కోసమే అమర్చిన ప్రత్యేక భాగాలు ఆ కార్డు మరొక పనిలో నిమగ్నమై ఉన్నప్పుడు కూడా ఖాళీగా పడి ఉంటాయన్న గుర్తింపే ఈ వ్యవస్థకు ఆర్థికమైన పునాది. లోకమంతటా చెదిరి ఉన్న ఆ నిరుపయోగ శక్తిని ఒక విపణిలోకి చేర్చి, ప్రసారకర్తలకు చౌకగా అందించడం దాని సంకల్పం.

ఏ ప్రయోగమూ అనాథగా పుట్టదు, దీనికీ వంశముంది. 1844లో ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణంలో 28 మంది సామాన్యులు సరుకుల దుకాణం పెట్టి, మిగులును కొనుగోళ్ల ప్రకారం సభ్యులకే పంచి, ఓటును పెట్టుబడికి కాక మనిషికి ముడివేసిన నాడు ఆధునిక సహకారానికి ఒక నమూనా ఏర్పడింది. ప్రభువు ఆజ్ఞగానీ విపణిగానీ లేకుండా ప్రజలు ఉమ్మడి వనరులను తరతరాలుగా నిలుపుకోగలరని రాజనీతిశాస్త్రజ్ఞురాలు ఎలినార్ ఆస్ట్రోమ్ 1990 నాటి తన గ్రంథంలో నిరూపించి, 2009లో నోబెల్ పురస్కారం అందుకున్న నాడు ఆ సంప్రదాయానికి శాస్త్రగౌరవం లభించింది. మరొక పాయలో, 2001లో బ్రామ్ కోహెన్ నిర్మించిన బిట్‌టొరెంట్ ఒకే కేంద్ర సర్వరు మోయకుండానే దస్త్రాలు చేతులు మారవచ్చునని చూపింది. 2009లో పనిచేయనారంభించిన బిట్‌కాయిన్ కేంద్ర బ్యాంకు లేని లెక్కల పుస్తకాన్ని లోకానికిచ్చింది. 2015లో వెలసిన ఇథీరియం అటువంటి పుస్తకంలో ధనంతోపాటు నియమాలను కూడా వ్రాసిపెట్టే వెసులుబాటు కల్పించింది. ఈ రెండు పాయలూ, అనగా సహకార సంప్రదాయమూ సాంకేతిక సంప్రదాయమూ, కలుసుకునే చోటు వెదకి పట్టుకోవడం ఈ గ్రంథకర్త్రి సాధించిన మొదటి విజయం. సాంకేతికులకు మొదటి పాయ తెలియదు. మా బోటి సహకార విద్యార్థులకు రెండవది తెలియదు. ఆమెకు రెండూ తెలుసు.

లైవ్‌పీర్ వ్యవస్థ ఆదిలో ఒక కోటి టోకెన్లతో, అనగా వ్యవస్థలో వాటాకు గుర్తులైన డిజిటల్ నాణేలతో, ప్రారంభమైంది. వాటిలో అధికభాగాన్ని బహిరంగ విక్రయానికి పెట్టక, ఒక విలక్షణ పద్ధతిలో పంచారు. ఒక నిర్దిష్ట సమయానికి కనీసం 0.1 ఈథర్ (ఇథీరియం సొంత నాణెం) నిల్వ ఉన్న 25 లక్షలకు పైబడిన ఇథీరియం చిరునామాలకు సమానమైన వంతు కేటాయించి, ఎవరి వంతును వారు గణితపరమైన ఆధారం చూపి తీసుకొనవచ్చునన్నారు; గడువు దాటాక ఇతరులు శ్రమపడి, రుసుము భరించి, ఆ వంతును అసలు యజమాని చిరునామాకు చేర్చి, అందులో కొంత ప్రతిఫలంగా పొందే వీలు కల్పించారు. మెర్కిల్‌మైన్ అనబడే ఈ పద్ధతిని గ్రంథకర్త్రి వర్ణనతో వదిలిపెట్టలేదు. సమానంగా కేటాయించిన వంతు కూడా, దాని విలువను గుర్తించి శ్రమించినవారి వైపే క్రమంగా జరుగుతుందని చూపి, ఆరంభ వితరణకూ అనంతర అధికారానికీ ఉన్న కార్యకారణ సంబంధాన్ని స్పష్టం చేసింది. ఏ సంఘమైనా దాని ప్రథమ సభ్యుల పట్టికలోనే దాని భావి రాజకీయం సగం వ్రాసి ఉంటుంది.

ఇక పాత్రధారులు ముగ్గురు. గణనయంత్రాలు నడిపి పనిచేసేవారు ఆర్కెస్ట్రేటర్లు. వీరిలో అధిక స్టేక్, అనగా పణంగా కట్టుబరచిన టోకెన్లు, గల నూరుమంది మాత్రమే చురుకైన వర్గంగా పరిగణన పొందుతారు. స్వయంగా యంత్రం నడపకుండా, తమ టోకెన్లను ఒక ఆర్కెస్ట్రేటర్‌కు కట్టుబరచి అతనికి బలం చేకూర్చేవారు డెలిగేటర్లు. పని చేయించుకుని ఈథర్ రూపంలో రుసుము చెల్లించేవారు ప్రసారకర్తలు. సుమారు ఒక దినం నిడివి గల ఒక్కొక్క రౌండులో కొత్త టోకెన్లు ముద్రితమై, స్టేక్ నిష్పత్తిలో పంపిణీ అవుతాయి. ఉదాహరణకు ఒక రౌండులో 1,000 టోకెన్లు పుట్టాయనుకుందాం. అందులో పదోవంతు, అనగా 100, ముందు చెప్పబోయే ఉమ్మడి నిధికి పోయిందనుకుందాం. తక్కిన 900లో, మొత్తం స్టేక్‌లో 2 శాతం గల ఆర్కెస్ట్రేటర్ పక్షానికి 18 వస్తాయి. అతడు ముందుగా ప్రకటించిన కోత 10 శాతమైతే 1.8 తాను ఉంచుకుని, శేషించిన 16.2 టోకెన్లను తన సొంత స్టేక్‌తో సహా తన పక్షంలోని వారందరికీ వంతుల ప్రకారం పంచుతాడు. ఆ రౌండులో ప్రతిఫలాన్ని పిలుచుకోవడం, అనగా దానికై లావాదేవీ పంపడం, అతడు మరచితే ఆ పక్షమంతటికీ ఆ నాటి వంతు దక్కదు. ప్రతినిధి అశ్రద్ధ అతనిని నమ్మినవారిని తక్షణమే తాకుతుంది. కనుక నమ్మినవారు అతనిని కనిపెట్టి ఉండక తప్పదు. పర్యవేక్షణను ఉపదేశంతో కాక నిర్మాణంతోనే సాధించడం ఇక్కడి విశేషం.

ముద్రణ పరిమాణం కూడా స్థిరమైనది కాదు. మొత్తం టోకెన్లలో సగం కట్టుబడి ఉండాలన్నది వ్యవస్థ పెట్టుకున్న లక్ష్యం. కట్టుబాటు 50 శాతానికి దిగువన ఉంటే ప్రతి రౌండుకూ ద్రవ్యోల్బణపు రేటు స్వల్పంగా పెరుగుతుంది. ఎగువన ఉంటే స్వల్పంగా తగ్గుతుంది. కట్టుబరచక ఊరక ఉంచుకున్నవాడి వాటా రౌండు రౌండుకూ పలుచనవుతుంది. విడిపించుకోదలచినవాడు 7 రౌండులు నిరీక్షించాలి. పైకి ఇది కేవలం ద్రవ్యనీతి. కాని స్టేక్ ఎంతో ఓటు అంత అన్న నియమాన్ని దీని పక్కన పెట్టి చూస్తే, ఇది ప్రజలను ఓటర్ల జాబితాలోకి రప్పించే రాజ్యాంగ నియమం కూడానని తేటపడుతుంది. ధన ప్రవాహమూ నిర్ణయ ప్రవాహమూ రెండు విషయాలు కావు, ఒకటే. ఏ ఒక్కదానిని విడదీసి చూచినా రెండూ అర్థం కావు. ఈ గ్రంథానికి వెన్నెముక వంటి ప్రతిపాదన ఇదే. నా ఎరుకలో ఇంత తెలుగుదనంతో, ఇంత తార్కికంగా దీనిని వివరించిన రచన మరొకటి లేదు.

అయితే ముద్రణ ద్వారా వచ్చే ప్రతిఫలం సంపాదన కాదు. అది సభ్యుల వాటాలను తిరిగి పంచే ఏర్పాటు మాత్రమే. నిజమైన రాబడి ప్రసారకర్తలు చెల్లించే రుసుము. గిరాకీ ఇంకా పెరగని తొలినాళ్లలో యంత్రాలు సిద్ధంగా ఉండాలంటే ముద్రణ అవసరమే. కాని రుసుము ఎదగకుండా ముద్రణమీదనే కాలం గడిపే వ్యవస్థ తన మూలధనాన్ని తానే తింటున్నదని గ్రంథకర్త్రి నిర్మొహమాటంగా హెచ్చరిస్తుంది. రుసుము చెల్లింపులోని చిక్కును కూడా ఆమె చక్కగా విప్పింది. కొన్ని సెకన్ల నిడివి గల ఒక్కొక్క వీడియో తునకకు వేరుగా సొమ్ము చెల్లిస్తే, లావాదేవీ ఖర్చు అసలు కూలిని మించిపోతుంది. అందువల్ల ప్రసారకర్త ప్రతి తునకకూ ఒక లాటరీ టికెట్టు వంటి పత్రం ఇస్తాడు. వాటిలో ఏ కొన్నో గెలుస్తాయి. గెలిచినవాటినే బ్లాక్‌చెయిన్ గొలుసుపై మార్చుకుంటారు. దీర్ఘకాలంలో సగటు కూలి లెక్క సరిపోతుంది. ఆ తరువాత ఇథీరియం లావాదేవీ రుసుములు అధికమై, చిన్న ఆర్కెస్ట్రేటర్‌కు ప్రతిఫలాన్ని పిలుచుకునే ఖర్చే భారమైనప్పుడు, 2022 ఫిబ్రవరిలో వ్యవస్థ ఇథీరియంపై తక్కువ ఖర్చుతో నడిచే ఆర్బిట్రమ్ అనే రెండవ అంతస్తుకు తరలింది. సాంకేతికమైన ఆ వలసను అల్పులకు సభ్యత్వం నిలబెట్టిన చర్యగా గ్రంథకర్త్రి చూడటం ఆమె దృష్టికి నిదర్శనం.

పాలనాధ్యాయం ఈ గ్రంథానికి శిరోభూషణం. నియమాల మార్పు ఏదైనా లిఖిత ప్రతిపాదనగా వచ్చి, బహిరంగ చర్చకు నిలిచి, అనంతరం స్టేక్ ప్రాతిపదికపై ఓటుకు చేరుతుంది. కట్టుబడి ఉన్న స్టేక్‌లో కనీసం 33.33 శాతం పాల్గొనాలి. పాల్గొన్నదానిలో సగానికి మించి సమ్మతి ఉండాలి. ఆర్కెస్ట్రేటర్ ఓటు వేస్తే తనను నమ్మిన డెలిగేటర్ల బలం కూడా ఆ ఓటుతో నడుస్తుంది. కాని ఏ డెలిగేటరైనా ఆ ఒక్క ప్రతిపాదన విషయంలో భిన్నాభిప్రాయం గలవాడైతే, తానే స్వయంగా ఓటు వేయవచ్చు. అతని వంతు ప్రతినిధి ఓటులోనుంచి తీసివేయబడి, అతడు కోరిన వైపు లెక్కకు వస్తుంది. మన శాసనసభలలో ఒకసారి ఇచ్చిన ప్రాతినిధ్యం గడువు తీరేదాకా తిరిగి చేతికి రాదు. ప్రతినిధిని నిలుపుకుంటూనే, విషయం విషయానికీ అసమ్మతిని నమోదు చేసుకునే ఈ అవకాశం ప్రాతినిధ్య సిద్ధాంతానికి విలువైన చేర్పు. రాజనీతి విద్యార్థులు ఈ ప్రకరణాన్ని రెండుమార్లు చదవాలని నా మనవి.

2023లో అమలైన మార్పుతో వ్యవస్థకు ఉమ్మడి నిధి ఏర్పడింది. ముద్రితమైన టోకెన్లలో 10 శాతం దానికి చేరాలనీ, నిల్వ 7,50,000 టోకెన్లకు చేరితే జమ ఆగాలనీ తొలి కట్టడి. నిధినుంచి ధనం కోరదలచినవారికి కనీసం 100 టోకెన్ల స్టేక్ ఉండాలి. ఆపై నిర్ణయం స్టేక్‌దారులదే. అంతకు పూర్వం వ్యవస్థాపక సంస్థ ఔదార్యంపై ఆధారపడిన ఉమ్మడి పనులు దీనితో సభ్యుల నిర్ణయంపై ఆధారపడనారంభించాయి. పరికరాల నిర్మాణానికీ, భద్రతా పరీక్షలకూ, 2024లో ఆరంభమైన కృత్రిమమేధ వీడియో ప్రక్రియలకూ ధనమెట్లా సమకూరాలి, ఫలితాన్ని ఎవరు తూచాలి అన్న చర్చలు ఈ నిధి చుట్టూ అల్లుకున్నవే. ఖజానా లేని సంఘానికి వాదోపవాదాలే ఉంటాయి. ఖజానా ఏర్పడిన నాటినుంచే దానికి నిజమైన బాధ్యత అలవడుతుంది. పన్నుకూ ప్రాతినిధ్యానికీ చరిత్రలో ఉన్న అనుబంధాన్ని ఇక్కడ స్మరించడం గ్రంథకర్త్రి విశాలాధ్యయనానికి తార్కాణం.

ఇక్కడ ఆమె లేవనెత్తిన మౌలికాక్షేపం నా మనసులో బలంగా నాటుకుంది. రాచ్‌డేల్‌లో కొనుగోలుదారుడే సభ్యుడు, మనిషికొక ఓటు, మిగులు కొన్నవారికే చేరింది. ఈ జాలంలో రుసుము చెల్లించే ప్రసారకర్తకు, చెల్లించిన కారణాన, ఓటు లేదు. దృశ్యాన్ని చూచే ప్రేక్షకుడికీ లేదు. టోకెన్ కట్టుబరచినవాడికే ఉంది, అదీ కట్టుబరచినంత. ముక్కూ ముఖమూ తెలియని చిరునామాల లోకంలో మనిషికొక ఓటు అంటే ఒకడే వేయి చిరునామాలు పుట్టించి వేయి ఓట్లు వేయగలడు గనుక, పణంగా పెట్టిన ధనాన్ని కొలమానంగా తీసుకోవడం ఒక సాంకేతికావశ్యకత. కాని ఆవశ్యకతను ఆదర్శంగా పొరబడరాదని ఆమె చేసిన విభజన అత్యంత విలువైనది. 1995లో ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం ప్రభుత్వ మూలధనాన్ని, దానితో వచ్చే ప్రభుత్వాధిపత్యాన్ని తొలగించి, తన కింద నమోదైన సంఘాలను సభ్యులకు అప్పగించినప్పుడు మన ప్రాంతంలో సాగిన చర్చ ఇదే: భారం ఎవరు మోస్తున్నారు, నిర్ణయంలో ఆసనం ఎవరికి? శ్రమించేవాడు, పెట్టుబడి పెట్టేవాడు, వాడుకునేవాడు అనే ముగ్గురిలో నిర్ణయపీఠం మీద ఎవరెవరున్నారో విచారించడమే ఏ వ్యవస్థకైనా తగిన పరీక్ష అన్న సూత్రాన్ని ఆమె ఈ సామ్యం ద్వారా స్థాపించింది.

ఒకే మార్గాన్ని సర్వోత్తమంగా కీర్తించకుండా, టోకెన్ అక్కరలేని మార్గాన్ని కూడా ఆమె సమగౌరవంతో పరిచయం చేసింది. ఫ్రాన్స్‌లోని ఫ్రామాసాఫ్ట్ అనే స్వచ్ఛంద సంస్థ ఆదరణలో పెరిగి, 2018 అక్టోబరులో మొదటి పరిపూర్ణ రూపం పొందిన పీర్‌ట్యూబ్‌లో నాణెం లేదు, ముద్రణ లేదు. సొంత సర్వరు పెట్టుకున్న ప్రతివారూ తమ నియమాలు తామే చేసుకుని, ఏ ఇతర సర్వర్లతో మైత్రి చేయాలో తామే నిర్ణయించుకుంటారు. ఒకే దృశ్యాన్ని చూస్తున్న ప్రేక్షకులు ఒకరికొకరు తునకలు అందించుకుని సర్వరు భారాన్ని తగ్గిస్తారు. వికాసానికి ప్రధానాధారం దాతల విరాళాలు. అక్కడ స్వాతంత్ర్యం పుష్కలం, కాని ఉమ్మడి ఖజానా లేదు. లైవ్‌పీర్‌లో ఖజానా ఉంది, కాని అధికారం ధనాన్ని అనుసరిస్తుంది. రెంటి గుణదోషాలను పక్కపక్కన పెట్టి తూచిన ప్రకరణం ఈ గ్రంథంలో అతి సమతూకమైనది.

చట్టం వైపునుంచి వచ్చే విపత్తును కూడా ఆమె విస్మరించలేదు. వికేంద్రీకృత వీడియో ప్రచురణకై పుట్టిన ఎల్‌బీఆర్‌వై సంస్థపై అమెరికా సెక్యూరిటీస్ నియంత్రణ సంఘం 2021లో దావా వేసింది; ఆ సంస్థ తన టోకెన్లను నమోదు చేయించకుండా సెక్యూరిటీలుగా విక్రయించిందని 2022 నవంబరులో న్యూహాంప్‌షైర్‌లోని ఫెడరల్ న్యాయస్థానం నిర్ణయించింది; మరుసటి ఏడాది సంస్థ మూతపడింది. వాడుక కోసం పుట్టిన టోకెన్ కూడా విక్రయ సందర్భంలో పెట్టుబడి పత్రంగా పరిగణింపబడవచ్చునన్న పాఠం ఈ రంగంలో ప్రవేశించే ప్రతి యువకుడూ యువతీ కంఠస్థం చేయదగినది.

ఈ రచన వెనుక గల శ్రమ సామాన్యం కాదు. లైవ్‌పీర్ మూలప్రణాళికా పత్రాన్ని, దాని అనంతర సవరణలను ఒకదానితో ఒకటి పోల్చి చదివి, ఏ నియమం ఎప్పుడు ఎందుకు మారిందో కాలక్రమంలో నిలిపింది. ఆదిలో బయటి ధ్రువీకరణ యంత్రాంగంపై ఆధారపడదలచిన వ్యవస్థ, తరువాత పని నాణ్యతను తనిఖీ చేసే భారాన్ని ప్రసారకర్తకే అప్పగించడం వంటి మార్పులను గుర్తించడానికి ఎంత నిశిత పఠనం కావాలో పరిశోధకులకు తెలుసు. ఓట్ల లెక్కలు బహిరంగ గొలుసుపై ఎవరైనా చూడగలిగినవే అయినా, వాటిని తెరచి, ఎవరి బలంతో ఏది గెలిచిందో విచారించేవారు అరుదు. ఆమె ఆ పని స్వయంగా చేసింది. ప్రసార నాణ్యత వలన ప్రేక్షకుడికి కలిగిన మేలును కూడా ఒక అధ్యాయంలో తూచి ఉంటే గ్రంథం మరింత పరిపుష్టమయ్యేది. రాబోయే ముద్రణలో ఆ లోటు తీరుతుందని ఆశిస్తున్నాను.

అర్థశాస్త్ర విద్యార్థులు, సహకార సంఘాల కార్యకర్తలు, వీడియోల ద్వారా బోధించే ఉపాధ్యాయులు, సాఫ్ట్‌వేర్ రంగంలో పనిచేస్తున్న మన తెలుగు యువత, వారు హైదరాబాదులో ఉన్నా, అమెరికాలో ఉన్నా, ఈ గ్రంథాన్ని శ్రద్ధగా చదవాలి. యంత్రజాలాన్ని నిర్మించగల నేర్పు మనవారికి సమృద్ధిగా ఉంది. దానిని న్యాయంగా ఏలుకునే నియమావళిని రచించడం మరొక విద్య. ఆ విద్యకు కావలసిన చరిత్ర, గణితం, ధర్మవిచారం మూడూ ఇక్కడ ఒక్కచోట అమరి ఉన్నాయి. రేపు మనవారు తమ భాషలోని పాఠాలకో, కళలకో, వార్తలకో ఒక ఉమ్మడి ప్రసారవ్యవస్థ నిర్మించుకోదలచితే, మొదట కూర్చుని వ్రాసుకోవలసినది ఓటు ఎవరిది, మిగులు ఎవరిది, అసమ్మతికి తావెక్కడ అన్న మూడు నియమాలు. వాటిని వ్రాసుకునే వేళ ఈ పుస్తకం వారి ముందు తెరచి ఉండాలని నా ఆకాంక్ష. ఇంతటి ప్రయోజనకరమైన కృషికి పూనుకున్న గ్రంథకర్త్రికి ఆయురారోగ్యాలు, అవిచ్ఛిన్నమైన అధ్యయనదీక్ష సిద్ధించుగాక అని ఆశీర్వదిస్తూ, సహృదయ పాఠకలోకం చేతుల్లో ఈ గ్రంథాన్ని నిండు విశ్వాసంతో ఉంచుతున్నాను.